మెయిల్ పంపడం టూల్ చూసుకుంటుంది.. ఎప్పుడు ఆపాలో మీరే చెప్పాలి!

ఆన్‌లైన్‌లో ఇయర్‌బడ్స్ కొన్నారు. పేమెంట్ అయిపోయింది, ఆర్డర్ కన్ఫర్మ్ అని మెయిల్ కూడా వచ్చింది. గంట తర్వాత అదే షాపు నుంచి ఇంకో మెయిల్: "మీ కార్ట్‌లో ఏదో మర్చిపోయినట్టున్నారు!" కింద 10 శాతం డిస్కౌంట్ కూపన్. కొనేసినవాడికి మళ్లీ ఎందుకు పంపారన్నది పక్కన పెడితే, ఆ కూపన్ ఏదో గంట ముందు ఇచ్చుంటే బాగుండేది కదా అని ఒళ్లు మండుతుంది. ఆ మెయిల్‌ని ఏ మనిషీ కూర్చుని పంపలేదు. ఎవరో ఎప్పుడో సెట్ చేసి వదిలేసిన ఒక వర్క్‌ఫ్లో పంపింది. దానికి మీరు కొన్నారన్న సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

మార్కెటింగ్ ఆటోమేషన్ అనగానే పెద్ద కంపెనీల వ్యవహారం అనుకుంటాం కానీ, ఇప్పుడు ఫోన్ స్కిన్‌లు అమ్మే చిన్న స్టోర్‌కి, సొంత యాప్ పెట్టుకున్న ఇంజినీరింగ్ స్టూడెంట్‌కి, కోర్సు అమ్మే యూట్యూబర్‌కి కూడా ఇది అందుబాటులోకి వచ్చేసింది. బ్రెవో (పాత పేరు సెండిన్‌బ్లూ, 2023లో పేరు మార్చారు) రోజుకు 300 మెయిల్స్ వరకు ఫ్రీగా పంపనిస్తుంది. మన చెన్నై కంపెనీ జోహోకి క్యాంపెయిన్స్ ఉంది. సర్వర్ మీద చేయి తిరిగినవాళ్లకు ఓపెన్ సోర్స్ మాటిక్ ఉంది. టూల్ ఏదైనా బాక్సులు లాగి, గీతలతో కలపడమే కాబట్టి మెయిల్స్ వెళ్లేలా చేయడం అరగంట పని. ఎవరికి, ఎప్పుడు వెళ్లకూడదో చెప్పడానికే అసలు టైమ్ పడుతుంది. ఈ ఆర్టికల్ దాని గురించే.

ఉదాహరణ కోసం మీ ఫ్రెండ్ ఒకడు టెంపర్డ్ గ్లాస్, బ్యాక్ కవర్లు అమ్మే చిన్న ఆన్‌లైన్ స్టోర్ పెట్టాడనుకుందాం. మెయిల్స్ సెటప్ చేసే పని మీ మీద పడింది.

వర్క్‌ఫ్లోలో ఏముంటాయి?

నాలుగు ముక్కలు అన్ని టూల్స్‌లోనూ ఉంటాయి. ఏం జరిగితే మొదలవ్వాలో చెప్పేది ట్రిగ్గర్. ఎంతసేపు ఆగాలో చెప్పేది డిలే. ఫలానావాళ్లు ఇటు, మిగతావాళ్లు అటు అని విడదీసేది కండిషన్. మెయిల్ పంపడం, ట్యాగ్ తగిలించడం లాంటివి యాక్షన్. ట్యుటోరియల్స్ అన్నీ ఇక్కడిదాకా చక్కగా చెప్తాయి.

ఐదోది ఎగ్జిట్. అంటే మనిషి మధ్యలో ఉండగానే ఏం జరిగితే వర్క్‌ఫ్లో నుంచి బయటికి వచ్చేయాలన్నది. దీని పేరు టూల్‌కో రకంగా ఉంటుంది. హబ్‌స్పాట్‌లో గోల్, అన్‌ఎన్‌రోల్‌మెంట్ అని కనిపిస్తుంది. క్లావియోలో ఫ్లో ఫిల్టర్ అంటారు, "ఈ ఫ్లో మొదలైనప్పటి నుంచి ఆర్డర్లు సున్నా" అని పెడితే ప్రతి స్టెప్ ముందూ చెక్ చేస్తుంది. పేరు ఏదైనా, ఎక్కడో ఒక సైడ్ మెనూలో ఉంటుంది. కాన్వాస్ మీద పెద్ద బాక్సులా కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని తాకరు కూడా. మొదట్లో చెప్పిన ఇయర్‌బడ్స్ మెయిల్ అలా పుట్టిందే.

కార్ట్ మెయిల్: యూపీఐ దగ్గర జాగ్రత్త

కార్ట్‌లో వస్తువు పెట్టి వెళ్లిపోయినవాళ్లకి గుర్తు చేసే మెయిల్ దగ్గరే అందరూ మొదలుపెడతారు. సేల్ దాదాపు అయిపోయిన కస్టమర్ కాబట్టి లాభం అక్కడే కనిపిస్తుంది. మామూలుగా "చెకవుట్ మొదలైంది" అనే ట్రిగ్గర్, గంట డిలే, మెయిల్. సింపుల్.

కానీ మన దగ్గర పేమెంట్ అంటే ఎక్కువగా యూపీఐ. యాప్‌లో పిన్ కొట్టారు, చక్రం తిరుగుతోంది, "పెండింగ్" అంది. అకౌంట్‌లో డబ్బు కట్ అయిందో లేదో కస్టమర్‌కి తెలీదు, స్టోర్‌కీ తెలీదు. కాసేపటికి సక్సెస్ అవొచ్చు, ఫెయిల్ అయి డబ్బు వెనక్కి రావొచ్చు. ఈ మధ్యలో ఉన్న మనిషికి "ఏదో మర్చిపోయారు" అని మెయిల్ వెళ్తే చూడండి, డబ్బు పోయిందేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాడు రెండోసారి పే చేసేస్తాడు. ఆ రీఫండ్ గొడవ మీ ఫ్రెండ్ నెత్తిన పడుతుంది.

అందుకే కార్ట్ వర్క్‌ఫ్లోలో చెకవుట్ ఒక్కటే చూస్తే సరిపోదు. పేమెంట్ గేట్‌వే స్టేటస్ మారినప్పుడల్లా వెబ్‌హుక్ ద్వారా మీ స్టోర్‌కి చెప్తుంది. ఆ స్టేటస్ మెయిల్ టూల్‌లోకి కూడా చేరుతోందా అన్నది ముందు చూసుకోవాలి. పేమెంట్ పెండింగ్ అయితే మార్కెటింగ్ మెయిల్ ఆగిపోయి, దాని బదులు "మీ పేమెంట్ స్టేటస్ ఇంకా రాలేదు, దయచేసి మళ్లీ కట్టకండి, తేలగానే చెప్తాం" అని మామూలు భాషలో ఒక మెయిల్ వెళ్లాలి. ఫెయిల్ అయితే "పేమెంట్ ఫెయిలైంది, మళ్లీ ప్రయత్నించాలంటే ఇదిగో లింక్" అనే మెయిల్. ఏ పేమెంటూ మొదలుపెట్టకుండా వెళ్లిపోయినవాళ్లకే అసలు రిమైండర్. బయటికి ఒక్క మెయిల్‌లా కనిపించే పని లోపల ఇలా మూడు దారులవుతుంది.

కూపన్ విషయంలో నా అభిప్రాయం: మొదటి రిమైండర్‌లో ఇవ్వకండి. కార్ట్ వదిలేస్తే డిస్కౌంట్ వస్తుందని కస్టమర్‌కి మనమే నేర్పినట్టవుతుంది. మనవాళ్లు అలాంటివి ఎంత త్వరగా పసిగడతారో చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న సెట్టింగ్ ఉంది, రీ-ఎంట్రీ అని. ఒకే మనిషి వారంలో నాలుగుసార్లు కవర్లు చూసి వదిలేస్తే నాలుగుసార్లూ మెయిల్స్ వెళ్లాలా? ఏదో ఒక గ్యాప్ పెట్టండి. కవర్లు అమ్మే స్టోర్‌కి రెండు వారాలు సరిపోతుంది.

డెలివరీ డేట్‌ని ఊహించకండి

టెంపర్డ్ గ్లాస్ ఎలా అతికించాలో చెప్పే మెయిల్ నిజంగా పనికొచ్చే మెయిల్. దుమ్ము ఎలా తీయాలి, బబుల్ వస్తే ఏం చేయాలి, చిన్న వీడియో. ఇది కరెక్ట్ టైమ్‌కి వెళ్తే రిటర్న్‌లు కూడా తగ్గుతాయి. లేటైతే దండగ. అప్పటికే వంకరగా అతికించేసి, సగం తిట్లు తిట్టేసి ఉంటారు.

చాలామంది "ఆర్డర్ అయిన 3 రోజులకి" అని డిలే పెట్టేస్తారు. హైదరాబాద్‌లో కస్టమర్‌కి మర్నాడే పార్సెల్ అందొచ్చు. ఆదిలాబాద్ దగ్గరో, శ్రీకాకుళం దగ్గరో పల్లెటూరికి వారం పట్టొచ్చు. 3 రోజులన్నది ఈ ఇద్దరికీ తప్పే. కొరియర్ వాళ్ల ట్రాకింగ్ స్టేటస్ "అవుట్ ఫర్ డెలివరీ" కాగానే ట్రిగ్గర్ అయ్యేలా పెడితే గ్లాస్, గైడ్ రెండూ ఒకే రోజు చేరతాయి. రివ్యూ అడిగే మెయిల్ కూడా డెలివరీ నుంచే లెక్కపెట్టాలి. అప్పటికే రిటర్న్ రిక్వెస్ట్ పెట్టినవాళ్లు, క్యాష్ ఆన్ డెలివరీ పార్సెల్ తీసుకోకుండా వెనక్కి పంపినవాళ్లు ఈ వర్క్‌ఫ్లోలో ఉండకూడదు. తీసుకోని వస్తువుకి స్టార్ రేటింగ్ అడిగితే ఒక్క స్టార్ వస్తుంది మరి.

"హాయ్ కె" సమస్య

వెల్‌కమ్ మెయిల్‌లో పేరు పెట్టి పిలిస్తే బాగుంటుందని ప్రతి టూల్ చెప్తుంది. ఫస్ట్ నేమ్ అనే మెర్జ్ ట్యాగ్ పెడితే పేరు దానంతటదే వచ్చి పడుతుంది. ఈ ఫీల్డ్‌లు చేసినవాళ్లకు మన పేర్ల సంగతి తెలీదు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫుల్ నేమ్ బాక్సులో "కె. రమేశ్" అని రాస్తే, టూల్ మొదటి ముక్క తీసుకుని "హాయ్ కె" అంటుంది. ఇంటిపేరు పూర్తిగా రాసినవాడైతే "హాయ్ కొమ్మినేని" అని స్కూల్లో హాజరు పిలిచినట్టు పిలిపించుకుంటాడు. ఏమీ రాయనివాడికి "హాయ్ ," అని ఖాళీ.

సైన్అప్ ఫామ్‌లోనే "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ఒక్క బాక్సు పెట్టండి. పేరు లేకపోతే ఏం రావాలో చెప్పే ఫాల్‌బ్యాక్‌లో "నమస్తే" అని పెట్టండి. పాత డేటా ఉంటే పేరు పెట్టి పిలవడం మానేయడమే మేలు. పేరు లేనందుకు ఎవరూ ఫీల్ అవ్వరు, తప్పు పేరుతో పిలిస్తేనే ఫీలవుతారు.

మెయిల్ తెలుగులో రాస్తుంటే ఇంకో మాట. జీమెయిల్‌లో మీ కస్టమ్ వెబ్ ఫాంట్ పనిచేయదు, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే కనిపిస్తుంది. ఇది నచ్చక మ్యాటర్ మొత్తాన్ని ఇమేజ్‌గా చేసి పంపేవాళ్లున్నారు. ఇమేజ్‌లు ఆఫ్ చేసుకున్నవాళ్లకి అది తెల్ల కాగితం. డార్క్ మోడ్‌లో చూసేవాళ్లకి కళ్లలో టార్చ్ కొట్టినట్టుంటుంది.

పంపేముందు డొమైన్ పని

ఇది బోరింగ్ పార్ట్. కానీ ఇది లేకపోతే పైన చెప్పినవన్నీ స్పామ్ ఫోల్డర్‌లోకే వెళ్తాయి.

మొదటిది, ఫ్రమ్ అడ్రస్‌లో మీ సొంత జీమెయిల్ ఐడీ పెట్టకండి. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. 2024 నుంచి ఇలాంటివాటిపై గూగుల్ తన డొమైన్‌కి క్వారంటైన్ పాలసీ పెట్టింది. అంటే నేరుగా స్పామ్‌కే. సొంత డొమైన్ తప్పనిసరి.

ఆ డొమైన్ డీఎన్‌ఎస్‌లో మూడు రికార్డులు పెట్టాలి. ఈ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. ప్రతి మెయిల్ మీదా వేసే డిజిటల్ సంతకం డీకిమ్. ఈ రెండూ ఫెయిలైతే ఏం చేయాలో, రిపోర్ట్ ఎవరికి పంపాలో చెప్పేది డీమార్క్. ఏం కాపీ చేయాలో టూల్ వాళ్లే ఇస్తారు. ఎస్‌పీఎఫ్ దగ్గర రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒక డొమైన్‌కి ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి, కొత్త టూల్ పెట్టినప్పుడు రెండోది యాడ్ చేయకుండా పాతదానిలోనే కలపాలి. అది చెక్ చేసేటప్పుడు 10 డీఎన్‌ఎస్ లుకప్‌లు దాటకూడదు, దాటితే మొత్తం ఫెయిల్.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ రూల్స్‌ని గట్టిగా అమలు చేస్తున్నాయి. 2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్ పర్సనల్ అకౌంట్లకు ఇలాంటివే పెట్టింది. జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5000 మెయిల్స్ దాకా పంపేవాళ్లని గూగుల్ బల్క్ సెండర్ అంటుంది. ఒక్కరోజు ఆ అంకె తాకినా ఆ ముద్ర పర్మనెంట్. సబ్‌డొమైన్లన్నీ కలిపే లెక్కేస్తారు. మీ ఫ్రెండ్ స్టోర్ అంత దూరం వెళ్లకపోయినా, మొదటి నుంచే మూడు రికార్డులూ ఉంటే తర్వాత పరుగులు పెట్టక్కర్లేదు.

ఆఫర్ల మెయిల్స్‌ని ఒక సబ్‌డొమైన్ నుంచి, ఆర్డర్, ఇన్‌వాయిస్, లాగిన్ ఓటీపీ మెయిల్స్‌ని వేరేదాని నుంచి పంపడం మంచి పద్ధతి. దీపావళి సేల్ అని ఉత్సాహంగా పంపిన మెయిల్‌ని జనం స్పామ్ కొడితే, ఆ దెబ్బ ఇన్‌వాయిస్‌లకీ తగిలే ప్రమాదం తగ్గుతుంది. ఇన్‌వాయిస్ రాకపోతే కస్టమర్ "ఫ్రాడ్ సైట్" అనే అనుకుంటాడు, అందులో అతని తప్పేం లేదు.

స్పామ్ రిపోర్టులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోండి అంటుంది గూగుల్. అంటే ఇన్‌బాక్స్‌కి చేరిన 1000 మెయిల్స్‌లో ముగ్గురు స్పామ్ బటన్ నొక్కితే డేంజర్ జోన్. చిన్న లిస్టులకు ఇది చాలా కఠినమైన లెక్క. వాట్సాప్ గ్రూపుల్లో "50 వేల మెయిల్ ఐడీలు, చీప్ రేట్" అని అమ్మే లిస్టుల జోలికి ఎందుకు వెళ్లకూడదో ఇక్కడే అర్థమవుతుంది. ఆ లిస్టుల్లో సగం చచ్చిన ఐడీలు, మిగతావాళ్లకు మీరెవరో తెలీదు. ఒక్క సెండింగ్‌తో డొమైన్ పరువు పోతుంది, టూల్ వాళ్లు అకౌంట్ కూడా ఆపేస్తారు.

ఓపెన్ రేట్‌ని నమ్మి దారులు మార్చకండి

"మొదటి మెయిల్ ఓపెన్ చేయకపోతే రెండోది పంపు" అనే కండిషన్ రెడీమేడ్ టెంప్లేట్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఓపెన్ చేశారని టూల్‌కి ఎలా తెలుస్తుంది? మెయిల్‌లో కంటికి కనిపించని బుల్లి ఇమేజ్ ఒకటి ఉంటుంది. అది లోడ్ అయితే ఓపెన్ అయినట్టు లెక్క. 2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి చూసినా చూడకపోయినా ఆపిల్ సర్వర్లే ఇమేజ్‌లు ముందుగా లోడ్ చేసేస్తాయి. ఐఫోన్‌లో ఆపిల్ మెయిల్ యాప్ వాడేవాళ్లంతా మీ మెయిల్‌ని శ్రద్ధగా చదివినట్టే కనిపిస్తారు. ఇటు ఇమేజ్‌లు బ్లాక్ చేసుకుని చదివేవాడు అసలు ఓపెనే చేయనట్టు కనిపిస్తాడు.

క్లిక్ కొంచెం నయం. అదీ పూర్తిగా నమ్మలేం, ఆఫీస్ మెయిల్స్‌లో సెక్యూరిటీ స్కానర్లు లింకులన్నీ ముందే తెరిచి చూస్తాయి. కొన్నారా, లాగిన్ అయ్యారా, వీడియో చూశారా లాంటి అసలు పనుల మీద కండిషన్లు పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

బయటికి దారి ఈజీగా ఉండాలి

బల్క్ సెండర్లకు ఇప్పుడు వన్-క్లిక్ అన్‌సబ్‌స్క్రైబ్ తప్పనిసరి. కింద చిన్న అక్షరాల్లో ఉండే లింక్ కాదిది, జీమెయిల్ పైన పంపినవారి పేరు పక్కనే చూపించే బటన్. దీనికోసం మెయిల్ హెడర్లో రెండు లైన్లు ఉండాలి, 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 స్టాండర్డ్ ప్రకారం. ఇందులో ఒక తెలివైన పాయింట్ ఉంది. పైన చెప్పిన స్కానర్లు లింకుల్ని ఊరికే తెరుస్తాయి కదా, లింక్ తెరవగానే అన్‌సబ్‌స్క్రైబ్ అయిపోతే మనిషికి తెలీకుండానే లిస్టు నుంచి పోతాడు. అందుకే గెట్ రిక్వెస్ట్‌తో కాకుండా పోస్ట్ రిక్వెస్ట్‌తో మాత్రమే అది పనిచేయాలని పెట్టారు. మంచి టూల్స్ ఈ హెడర్లు వాటంతటవే పెడతాయి. సొంతంగా స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు మాత్రం చూసుకోవాలి. అడిగిన 2 రోజుల్లోపు ఆపేయాలన్నది గూగుల్ రూల్.

2025 జులైలో జీమెయిల్ "మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్" అనే పేజీ కూడా తెచ్చింది. ఎవరు ఎక్కువ మెయిల్స్ పంపుతున్నారో వరసగా చూపించి, అక్కడికక్కడే వదిలించుకునే వీలిస్తుంది. ఎక్కువ పంపేవాడే ఆ లిస్టులో పైన ఉంటాడు. వారానికి ఒక మనిషికి ఇన్ని మెయిల్స్ మించకూడదని ఫ్రీక్వెన్సీ క్యాప్ ఉంటుంది, పెట్టండి. వెల్‌కమ్, కార్ట్, సేల్ అని మూడు వర్క్‌ఫ్లోలు ఒకే రోజు ఒకే మనిషి మీద పడటం చాలా మామూలుగా జరిగే విషయం.

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. మన 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. ఒక టిక్‌తో చేర్చుకుని, బయటికి వెళ్లడానికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయమంటే కుదరదు. సైన్అప్ అయ్యాక "అవును, నేనే" అని మెయిల్‌లో లింక్ నొక్కించే డబుల్ ఆప్ట్-ఇన్ పెడితే తప్పు స్పెల్లింగ్ ఐడీలు, పక్కవాడి ఐడీలు లిస్టులోకి రావు. లిస్టు కాస్త చిన్నదవుతుంది, కానివ్వండి.

ఇంటి నుంచి స్టోర్ నడిపేవాళ్లు ముఖ్యంగా చూడాల్సింది ఇంకొకటి. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం వల్ల చాలా టూల్స్ ప్రతి మార్కెటింగ్ మెయిల్ కిందా పోస్టల్ అడ్రస్ చూపిస్తాయి. సైన్అప్ టైమ్‌లో ఆలోచించకుండా ఇంటి అడ్రస్ కొట్టేస్తే, డోర్ నంబర్‌తో సహా అది వేలమంది ఇన్‌బాక్స్‌లో కూర్చుంటుంది. హాస్టల్‌లో ఉండే అమ్మాయి నడిపే స్టోర్ అయితే ఇది ఎంత రిస్కో ఊహించండి. పోస్టాఫీసులో పోస్ట్ బాక్స్ తీసుకోవడమో, ఆఫీస్ అడ్రస్ ఉంటే అది పెట్టడమో చేయండి.

ఆన్ చేసే ముందు

టైమ్ జోన్ చూడండి. విదేశీ టూల్స్‌లో డిఫాల్ట్ మనది కాకపోవచ్చు. యూటీసీలో ఉదయం 10 అంటే మనకి మధ్యాహ్నం 3:30. అమెరికా టైమ్‌లో ఉంటే మీ ఉదయం మెయిల్ మన రాత్రి ఫోన్ మోగిస్తుంది.

టెస్టింగ్‌కి కొత్త ఐడీలు క్రియేట్ చేయక్కర్లేదు. జీమెయిల్‌లో మీ ఐడీ తర్వాత ప్లస్ గుర్తు, టెస్ట్1, టెస్ట్2 అని ఏది పెట్టినా అన్నీ మీ ఇన్‌బాక్స్‌కే వస్తాయి, టూల్ మాత్రం వేర్వేరు మనుషులనుకుంటుంది. డిలేలన్నీ నిమిషానికి తగ్గించి, ఒక్కో ఐడీతో ఒక్కో తిక్క పని చేయండి: మధ్యలో కొనేయండి, మధ్యలో అన్‌సబ్‌స్క్రైబ్ అవ్వండి, కార్ట్‌లో వస్తువు మార్చండి, పేరు ఖాళీ వదిలేయండి, ఆర్డర్ పెట్టి క్యాన్సిల్ చేయండి. క్యాన్సిల్ చేసిన ఐడీకి గ్లాస్ అతికించే గైడ్ వచ్చిందంటే ఎగ్జిట్ ఎక్కడో మిస్సయినట్టే. మెయిల్స్‌ని ఒక ఐఫోన్‌లో, ఒక తక్కువ రేటు ఆండ్రాయిడ్‌లో, రెండింటిలోనూ డార్క్ మోడ్‌లో తెరిచి చూడండి. హెచ్‌టీఎంఎల్ సైజు 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగం కట్ చేసి దాచేస్తుంది, మీ అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ ఉండేది అక్కడే.

అన్నీ ఓకే అనుకున్నాక డిలేలు మళ్లీ అసలు టైమ్‌కి మార్చండి. తర్వాత గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ యాడ్ చేయండి, ఫ్రీనే. స్పామ్ రేట్ అక్కడ కనిపిస్తుంది, కాకపోతే మెయిల్స్ సంఖ్య మరీ తక్కువగా ఉంటే డేటా చూపించదు. మొదటి వారం మొత్తం లిస్టుని వర్క్‌ఫ్లోలోకి తోయకుండా, ఈ మధ్యే కొన్న వందమందితో మొదలుపెట్టి, టూల్‌లో ప్రతి కాంటాక్ట్ హిస్టరీ తెరిచి ఎవరు ఏ స్టెప్‌లో బయటికి వచ్చారో రోజుకోసారి చూసుకోండి.